డాక్టరు జాన్ స్నో

వాంతిభేది యను పేరు వినినంతనే జనులు గడగడ వడకిన కాలమొకటి కలదు. తెలంగాణపు పల్లెలలో దానిని గత్తర యనెడివారు. ఉదయమున నాగలి భుజమున వేసికొని పొలమునకు పోయినవాడు సాయంకాలమునకు కాటికి చేరుచుండెను. ఇంటిలో నొకనికి సోకినచో తక్కినవారును తరచుగా దానివాత పడుచుండిరి. వంగదేశమున గంగానది సముద్రముతో కలియు పల్లపునేలలలో చిరకాలముగా నుండిన యీ వ్యాధి 1817లో ఆ హద్దులు దాటెను. బాటసారులవెంటను, సేనలవెంటను, ఓడలవెంటను అది దేశదేశములు తిరిగి 1831లో ఇంగ్లండు తీరమున దిగెను. నాటి వైద్యులకు దాని కారణము తెలియదు. కారణము తెలియనిదే నివారణము తెలియుట యెట్లు? రోగములను పుట్టించు సూక్ష్మజీవులను గూర్చిన శాస్త్రము ఇంకను రూపొందలేదు. అట్టి దినములలో మృతుల పట్టికను, ఒక పేటయొక్క పటమును, తన పాదములను నమ్ముకొని ఈ వ్యాధి నడచిన దారిని కనుగొన్నవాడు జాన్ స్నో.

స్నో 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన ఇంగ్లండు ఉత్తరభాగమునందలి యార్కు నగరమున జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో నతడు పెద్దవాడు. తండ్రి కూలిపని చేసి కుటుంబమును పోషించుచుండెను. వారి యిల్లు ఊజ్ నది సమీపమున, వరదనీరు చొచ్చు పేదల వీధిలో నుండెను. అట్టి స్థితిలోను తలిదండ్రులు పెద్దకుమారుని చదువు మాన్పింపలేదు. పదునాలుగవయేట వారతనిని న్యూకాసిల్ పట్టణమున హార్డుకాసిల్ అను శస్త్రవైద్యునియొద్ద శిష్యునిగా చేర్చిరి. కళాశాలలో చేరి వైద్యము నేర్చుట ఆనాడు అందరకును సాధ్యమయ్యెడిది కాదు. గురువునకు చేదోడుగా నుండి, మందులు నూరి, రోగుల యిండ్లకు తిరిగి విద్య నేర్చుకొనవలసి యుండెను.

శిష్యరికము పూర్తికాకముందే స్నోకు కఠినమైన పరీక్ష యెదురయ్యెను. 1831లో వాంతిభేది ఆ ప్రాంతమునకు వచ్చినది. కిల్లింగ్‌వర్తు అను పల్లెలో బొగ్గుగనుల కూలీలు పెక్కుమంది జబ్బుపడిరి. వైద్యులు చాలక గురువు తన శిష్యుని అచ్చటికి పంపెను. అప్పటికి స్నోకు పదునెనిమిదేండ్లు. అతడు రేయింబవళ్లు రోగుల ప్రక్కనే యుండి తెలిసిన మందులెల్ల వాడి చూచెను. ఆ మందులు ఫలింపలేదు. కాని యొక విషయము అతని మనస్సున నాటుకొనెను. గనిలోనికి దిగిన కూలీలు గంటలతరబడి పైకి రారు. లోపల మరుగుదొడ్లు లేవు. చేతులు కడుగుకొనుటకు నీరు లేదు. ఆ చేతులతోడనే వారు వెంట తెచ్చుకొన్న రొట్టె తినుచుండిరి. తరువాతి కాలమున వ్రాసిన గ్రంథములో అతడీ సంగతిని వివరముగా పేర్కొనెను.

స్నో స్వభావమున కొంత వింతదనము లేకపోలేదు. పదునేడవయేట నుండియు అతడు శాకాహారి. మద్యమును విసర్జించినవాడు. నీటిని మరిగించి ఆవిరిపట్టి శుద్ధిచేసికొని త్రాగెడివాడు. మితభాషి. సభలలో మాటాడునపుడు కంఠము బొంగురుగా నుండి శ్రోతల నాకర్షించెడిది కాదు. జీవితాంతము బ్రహ్మచారిగానే యుండెను. 1836లో పై చదువులకై లండనుకు పోవ నిశ్చయించి, బండి యెక్కక, దారిలో చుట్టుముట్టు ప్రదేశములు చూచుచు వందల మైళ్లు నడచి ఆ మహానగరమును చేరెను. 1838లో శస్త్రవైద్యుల కళాశాల పరీక్షయందును, 1844లో లండను విశ్వవిద్యాలయపు వైద్యపట్ట పరీక్షయందును కృతార్థుడయ్యెను. సోహో అను ఇరుకు పేటలో నొక యింట కాపురముండి వైద్యము చేయుచుండెను. బంధుబలము, ధనబలము లేని వైద్యునియొద్దకు రోగులు విరివిగా రాలేదు.

అతనికి పేరు తెచ్చినది వాంతిభేది కాదు, మత్తుమందు. 1846లో అమెరికాయందు ఈథరు అను ద్రవముయొక్క ఆవిరిని పీల్పించి రోగికి నొప్పి తెలియకుండ శస్త్రచికిత్స చేసిరి. ఆ వార్త కొలది వారములలో లండను చేరెను. కొందరు వైద్యులు దానిని ఆతురతతో వాడి చూచిరి. ఒకప్పుడు రోగికి మత్తు చాలకుండెను, మరియొకప్పుడు మితిమీరుచుండెను. స్నో తొందరపడక లెక్క కట్టెను. గాలి వెచ్చబడినకొలది ఈథరు ఆవిరి ఎక్కువగా పుట్టునని గ్రహించి, ఏ ఉష్ణతకు ఎంత ఆవిరి కలియునో పట్టిక వేసి, ఆ మోతాదు తప్పకుండ ఇచ్చుటకు ఒక యంత్రమును కల్పించెను. పిదప క్లోరోఫారమును గూర్చియు అట్లే పరిశోధించెను. 1853లో విక్టోరియా రాణి ప్రసవసమయమున క్లోరోఫారము ఇచ్చుటకు స్నోనే పిలిపించిరి. 1857లో మరల పిలిపించిరి. బొగ్గుగనుల పల్లెలో సేవచేసిన కూలివాని కుమారుడు రాజభవనమున ప్రవేశించుట సామాన్య విషయము కాదు.

ఈ వాయువుల చదువే అతనిని వాంతిభేది వైపునకు త్రిప్పినది. కుళ్లిన పదార్థములనుండి వెలువడు దుర్గంధమే, అనగా చెడుగాలియే, ఈ వ్యాధికి మూలమని నాటి పండితులలో హెచ్చుమంది నమ్మిక. లండనులో దుర్గంధమునకు కొదువ లేదు గనుక ఆ నమ్మికకు నిదర్శనములు వెదుకనక్కరలేదు! కాని వాయువు దూరము పోయినకొలది పలుచబడునని స్నో ప్రతిదినము చూచుచున్నవాడు. చెడుగాలియే కారణమైనచో మురికిలోనే పనిచేయువారు అందరికంటె ముందు జబ్బుపడవలెను. అట్లు జరుగుట లేదు. అదియునుగాక, వ్యాధి మొదట బాధించునది ఊపిరితిత్తులను కాదు, ప్రేవులను. కనుక విషము నోటిద్వారమున కడుపులోనికి పోవుచున్నదని అతడు ఊహించెను. 1848లో హాంబర్గు రేవునుండి వచ్చిన ఓడలోని నావికుడొకడు లండనులో నొక గదియందు ఈ వ్యాధితో మరణించెను. కొలది దినములకే అదే గదిలో దిగిన వేరొకనికి వ్యాధి సోకెను. రోగి మలమునందలి విషము నీటిలోనో ఆహారములోనో కలసి మరియొకని కడుపున చేరుచున్నదని స్నో 1849లో ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. వైద్యలోకము దానిని చదివి ప్రక్కన పెట్టెను.

స్నో ప్రతిపక్షులను తెలివితక్కువవారని తలంపరాదు. వారిలో విలియం ఫార్ అనునతడు జననమరణముల లెక్కల కచ్చేరిలో పనిచేయు గొప్ప గణాంకవేత్త. అతడు లండనులోని పేటలను థేమ్సు నదికంటె నెంత యెత్తున నున్నవో కొలిచి, ఆ యెత్తును మరణముల సంఖ్యతో పోల్చెను. పల్లపు పేటలలో మరణములు హెచ్చు, మెరక పేటలలో తక్కువ. లెక్క చక్కగా సరిపోయినది. నదియొడ్డున చెడుగాలి దట్టముగా నుండును గనుక ఇట్లు జరుగుచున్నదని అతడు నిర్ణయించెను. ఆ లెక్కలో పొరపాటు లేదు. అర్థము చెప్పుటలోనే పొరపాటు. పల్లపు పేటలవారు త్రాగునది నగరపు మురుగంతయు కలిసిన నదీజలమని అతడు అప్పుడు గమనింపలేదు. రెండు విషయములు ఒకేచోట కనబడినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కానేరదు.

మరి నీరే కారణమని ఋజువు చేయుట యెట్లు? లండను దక్షిణభాగమున రెండు కంపెనీలు ఇండ్లకు గొట్టములద్వారా నీరమ్ముచుండెను. ఒకటి సౌత్‌వర్కు-వాక్సాలు కంపెనీ. ఇది నగరపు మురుగు కలియు చోటనే నదినీటిని తోడుచుండెను. రెండవది లాంబెత్ కంపెనీ. ఇది 1852లో తన తోడుచోటును నగరమునకు ఎగువనున్న థేమ్సు డిట్టను గ్రామమునకు మార్చెను. ఒకే వీధిలో ఈ యింటికి ఒక కంపెనీ నీరు, ప్రక్కయింటికి రెండవదాని నీరు. ధనికులు, దరిద్రులు, మెరకవారు, పల్లమువారు అను భేదము లేదు. పీల్చు గాలి ఒక్కటే. త్రాగు నీరు మాత్రమే వేరు. ఇంతకంటె మంచి పరీక్షను ఏ శాస్త్రజ్ఞుడును తన ప్రయోగశాలలో ఏర్పరుపజాలడు. 1854లో వాంతిభేది మరల చెలరేగగా, స్నో మృతుల పట్టిక చేతబట్టి ఇంటింటికి తిరుగ నారంభించెను. ఏ కంపెనీ నీరు త్రాగుచున్నారని అడిగినచో చాలమందికి తెలియదు. బిల్లు చెల్లించువాడు ఎచ్చటనో యున్న యింటి యజమాని. అప్పుడు స్నో ఆ యింటి నీటిని చిన్న సీసాలో పట్టి సిల్వరు నైట్రేటు కలిపి చూచెడివాడు. సముద్రపు పోటు తగులు చోటినుండి వచ్చిన నీటిలో ఉప్పు దాదాపు నలువది రెట్లు ఎక్కువగా నుండుటచే తెల్లని మడ్డి దట్టముగా నేర్పడెడిది. వ్యాధి చెలరేగిన మొదటి ఏడు వారములలో సౌత్‌వర్కు కంపెనీ నీరు వాడు ప్రతి పదివేల ఇండ్లకు 315 మరణములు, లాంబెత్ నీరు వాడు పదివేల ఇండ్లకు 37 మరణములు సంభవించినట్లు తేలెను.

ఈ పనిలో మునిగియుండగనే సోహోలో, తన యింటికి కొలదిదూరముననే ఘోరమైన విపత్తు సంభవించెను. 1854 ఆగస్టు 31వ తేదీ రాత్రి బ్రాడ్ వీధి పరిసరములలో వాంతిభేది ఒక్కసారిగా విరుచుకొని పడెను. సెప్టెంబరు 1వ తేదీనాడే, తుదకు ప్రాణములు తీసిన వ్యాధి 143 మందికి సోకెను. పది దినములలో అయిదువందలమందికి పైగా మడిసిరి. కొన్ని కుటుంబములు పూర్తిగా తుడిచిపెట్టుకొని పోయెను. శవములను తీసికొనిపోవుటకు బండ్లు చాలవయ్యెను. ప్రాణములు మిగిలినవారు తలుపులకు తాళములు వేసి పరుగులెత్తిరి. ఆరు దినములలో ఆ వీధులు నిర్జనములయ్యెను.

బ్రాడ్ వీధిలో చేతిపంపుగల బావి యొకటి యుండెను. నీరు చల్లగాను రుచిగాను ఉండునని దూరపు వీధులవారు సయితము వచ్చి పట్టుకొని పోవుచుండిరి. స్నో ఆ నీటిని తెచ్చి పరీక్షించెను. అందులో చెప్పుకొనదగిన మాలిన్యము కంటబడలేదు. వేరొకడైనచో ఆ యనుమానమును విడిచిపెట్టి యుండును. స్నో లెక్కల కచ్చేరికి పోయి, సెప్టెంబరు 2వ తేదీతో ముగిసిన వారములో చివరి మూడు దినములందు సంభవించిన 83 మరణముల చిరునామాలు వ్రాసికొని వచ్చి వీధులు కొలువసాగెను. దాదాపు అన్నియు ఆ పంపు సమీపముననే. మరియొక పంపునకు దగ్గరగా నున్న యిండ్లలో జరిగినవి పది మాత్రమే. ఆ పది యిండ్లకును పోయి విచారించెను. అందు అయిదు కుటుంబములవారు దగ్గరి పంపును కాదని బ్రాడ్ వీధి నీటినే తెప్పించుకొనుచుండిరి. మరి ముగ్గురు ఆ పంపునకు సమీపమున నున్న బడికి పోవు పిల్లలు.

చనిపోయినవారిని గూర్చి విచారించుట అందరకు తోచును. చావవలసినచోట చావనివారిని గూర్చి విచారించుట స్నోకు తోచెను. ఆ పేటలోనే పేదల శరణాలయమొకటి యుండెను. చుట్టును మూడువైపుల ఇండ్లలో జనులు రాలిపోవుచుండగా, అందలి 535 మందిలో అయిదుగురే మరణించిరి. విచారింపగా శరణాలయమునకు సొంత బావి కలదనియు, బ్రాడ్ వీధికి నీటికై పోవుట లేదనియు తెలిసెను. బ్రాడ్ వీధిలోనే యున్న బీరు కార్ఖానాలో డెబ్బదిమందికి పైగా పనివారు; ఒక్కడును చావలేదు. వారికి దాహమునకు బీరే ఇచ్చుచుండిరి. నీరు కావలసినచో లోపల వేరు బావి యుండెను. పంపు నీరు త్రాగిన పనివాడే లేడని యజమాని నమ్మకము. మద్యమును ద్వేషించు స్నో ఈ సంగతిని యథాతథముగా గ్రంథస్థము చేసెను. ఆ వీధిలోనే తుపాకుల పేలుడుమూతలు చేయు కార్ఖానాలో రెండు తొట్లనిండ పంపునీరు పోసి పనివారికి సిద్ధముగా నుంచెడివారు. రెండువందలమందిలో పదునెనిమిదిమంది మరణించిరి.

అన్నిటికంటె విచిత్రమైనది హాంప్‌స్టెడ్ వృద్ధురాలి కథ. ఆమె యుండినది నగరమునకు వెలుపల, మెరకమీద, చల్లనిగాలి వీచు చోట. అచ్చట వాంతిభేది లేదు. ఐనను ఆమె సెప్టెంబరు 2వ తేదీన ఆ వ్యాధితోనే మరణించెను. స్నో ఆమె కుమారులయొద్దకు పోయి అడుగగా నిజము బయటపడెను. ఆమె పూర్వము బ్రాడ్ వీధిలో నివసించినది. ఆ పంపు నీటి రుచిమీద మక్కువచే ప్రతిదినము బండిమీద ఒక సీసానిండ ఆ నీటిని తెప్పించుకొనుచుండెను. ఆమెను చూడవచ్చి అదే నీరు త్రాగిన బంధువుల పడుచు తన యూరికి తిరిగిపోయి అచ్చట మరణించెను. చెడుగాలి ఎక్కిన బండి ఏదియు లేదు. నీరు ఎక్కిన బండి కంటికి కనబడుచున్నది.

సెప్టెంబరు 7వ తేదీ సాయంకాలమున పేట పాలకసంఘము సమావేశమైయుండగా స్నో పోయి తన విచారణఫలమును విన్నవించెను. సభ్యులు పూర్తిగా నమ్మిరని చెప్పజాలము. ఐనను మరియొక దారి తోచక మరునాడు పంపు పిడిని ఊడదీయించిరి. అంతటితో వ్యాధి ఆగిపోయెనని కథలలో చెప్పుదురు. అది పూర్తి సత్యము కాదు. జనులు పారిపోయి యుండుటచే వ్యాధి అప్పటికే తగ్గుముఖము పట్టినది. ఈ మాటను మొదట చెప్పినవాడు స్నోనే. తన కీర్తిని తానే తగ్గించుకొనునట్టి మాటను ఆతడు దాచలేదు.

ఆ పేట దేవాలయమున హెన్రీ వైట్‌హెడ్ అను ముప్పదియేండ్లు నిండని క్రైస్తవగురువు ఉండెను. మంచములకడ కూర్చుండి మృతులను సాగనంపినవాడు గనుక అతనికి ప్రతి కుటుంబము తెలియును. పంపు నీరు త్రాగియు బ్రతికినవారిని తాను కన్నులార చూచితినను తలంపుతో, స్నో వాదము తప్పని నిరూపించుటకే అతడు విచారణకు పూనుకొనెను. నెలలతరబడి ఒక్కొక్క యింటికి పలుమార్లు పోయి, ఎవరు త్రాగిరి, ఎవరు త్రాగలేదు, త్రాగినవారిలో ఎందరు జబ్బుపడిరి అని లెక్క తీసెను. తుదకు ఆ లెక్కయే అతనిని మార్చివేసెను. పంపునకు ఎదుటనే యున్న నలువదవ నెంబరు ఇంట అయిదునెలల పసిబిడ్డకు ఆగస్టు 28వ తేదీన భేదులు పట్టుకొనినట్లు అతడు కనుగొనెను. తల్లి బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని ఇంటిముందరి మురుగు గోతిలో పోసినది. త్రవ్వించి చూడగా ఆ గోతికిని బావికిని నడుమ మూడడుగుల దూరము లేదు. గోతి ఇటుకలు వదులై మురుగు బావివైపునకు ఊరుచుండెను.

ఇందులో మరియొక విషయము కలదు. పంపు పిడి తీసివేసిన సెప్టెంబరు 8వ తేదీనాడే ఆ బిడ్డ తండ్రికి వాంతిభేది సోకెను. అతడు పదునొకండు దినములు బాధపడి మరణించెను. ఆ దినములలో నతని యింటి మురుగు మరల అదే గోతిలో పడియుండును. పిడి యథాస్థానమున నుండినచో, పారిపోయినవారు తిరిగివచ్చి ఆ నీటిని త్రాగిన పక్షమున ఏమి జరిగియుండెడిదో మనము ఊహించుకొనవచ్చును. మొదటి యుత్పాతమును ఆ పిడి ఆపలేదు గాని, రెండవదానిని ఆపియుండును.

స్నో తన విచారణను కన్నులకు కట్టునట్లు చూపుటకు ఒక పటము వేయించి, 1854 డిసెంబరులో వైద్యులసభకు చూపి, 1855లో తన గ్రంథము రెండవ ముద్రణమున చేర్చెను. సోహో వీధులు గల ఆ పటమున మరణము జరిగిన ప్రతి యింటియెదుట, ఒక్కొక్క మృతునికి ఒక్కొక్క నల్లని అడ్డగీత. గీతమీద గీత పేర్చినట్లుండును. పంపులన్నియు గుర్తింపబడినవి. చూచువారి దృష్టి తానుగా బ్రాడ్ వీధి పంపుచెంతకు పోవును. ఆ పేట పటమును వ్యాధికై వేసినవారిలో స్నో మొదటివాడు కాడు. మురుగుకాలువల శాఖకు చెందిన ఎడ్మండు కూపరు అను ఇంజనీరు అంతకుముందే మరణములను పటమున గుర్తించెను. కాలువల దుర్గంధమే కారణమా, పూర్వకాలపు మహామారిలో మృతులను పాతిన స్థలము కారణమా అను సందేహమును తీర్చుటకు అతడాపటము వేసెను. ఇద్దరి చేతిలోను ఇంచుమించు అవే వీధులు, అవే చావులు. అడిగిన ప్రశ్న వేరగుటచే దొరికిన సమాధానమును వేరయ్యెను.

పేట విచారణసంఘము నివేదికకై 1855లో స్నో తన పటమును సవరించి అందొక చుక్కల గీతను చేర్చెను. ఆ గీతమీద ఏ చోట నిలచినను బ్రాడ్ వీధి పంపునకును, సమీపమందలి మరియొక పంపునకును నడచిపోవు దూరము సమానము. గీతకు లోపలివారికి బ్రాడ్ వీధి పంపు దగ్గర. వెలుపలివారికి వేరొకటి దగ్గర. పక్షి యెగిరినట్లు తిన్నగా కొలిచిన దూరము కాదిది. బిందె చంకనిడుకొని మనుష్యుడు మలుపులు తిరుగుచు నడచు దూరము. మరణములు గీతలోపలనే క్రిక్కిరిసి, గీతను సమీపించినకొలది పలుచబడి, దాటినంతనే దాదాపు నిలిచిపోయెను. ఆ చుక్కల గీతయే నా దృష్టిలో ఆ పటమంతటికి ప్రాణము.

ఒక సంగతి జరిగినదని తెలిసికొనుటతో తృప్తిపడక, అది ఎచ్చట జరిగినది, దానికి దగ్గరగా ఏమున్నది, ఎంత దూరమున అది ఆగిపోయినది అని విచారించు విద్య నేడు గొప్ప శాస్త్రముగా పెరిగినది. 1960 తరువాతి దశాబ్దమున కెనడాలో రోజరు టామ్లిన్సను అను భూగోళశాస్త్రజ్ఞుడు దేశపు భూముల వివరములను కంప్యూటరులో నెక్కించి పటములను దానిచేతనే పోల్పించు ఏర్పాటు చేసెను. దానిని భౌగోళిక సమాచార వ్యవస్థ యందురు. అందు ఇండ్లు ఒక పొర, వీధులు ఒక పొర, బావులు ఒక పొర, నేల యెత్తుపల్లములు ఒక పొర. పలుచని కాగితములపై వేరువేరుగా గీసి ఒకదానిపై నొకటి పెట్టి వెలుగునకు ఎత్తి చూచినట్లు కంప్యూటరు వాటిని కలిపి చూపును. ఏ బావికి ఏ యిండ్లు దగ్గరయో క్షణములో విడదీయును. స్నోకు వారములు పట్టినది దానికి నిమేషము పట్టదు. ఐనను ఏ పొరలను కలుపవలెనో, జనసంఖ్యతో భాగించిన పిదప మిగులునదెంతయో, విడిగా నిలిచిన ఆ వృద్ధురాలి గీత ఎందుకు అచ్చట నున్నదో అడుగవలసినది మనుష్యుడే. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటరువారు వరదలు వచ్చినపుడు ఉపగ్రహచిత్రములనుండి ముంపు పటములు తయారుచేయుట ఈ విధానముతోడనే. ఈ విద్య నేర్వబూనిన విద్యార్థులకు నేటికిని అనేకదేశములలో మొదటి అభ్యాసముగా నిచ్చునది 1854 నాటి సోహో మృతుల పట్టికయే.

స్నోకు మాత్రము ఈ గౌరవము జీవితకాలమున దక్కలేదు. ప్రభుత్వ ఆరోగ్యసంఘము నియమించిన పండితులు 1855లో అతని సిద్ధాంతమునకు ఆధారము చాలదని త్రోసివేసిరి. పేరొందిన వైద్యపత్రిక అతనిని ఎగతాళి చేసెను. రెండువందల పౌనులకు పైగా సొంతధనము వ్యయపరచి ముద్రించిన గ్రంథము కొనువారు లేక పడియుండెను. బ్రాడ్ వీధి పంపునకు కొలదికాలమునకే పిడి మరల బిగించిరి. స్నో వాదులాటకు దిగలేదు. పగలు రోగులకు మత్తుమందు ఇచ్చుచు, రాత్రులు వ్రాసికొనుచు గడపెను. 1858 జూను 10వ తేదీన మత్తుమందులను గూర్చిన గ్రంథమును వ్రాయుచుండగనే పక్షవాతము వచ్చి క్రింద పడెను. జూను 16వ తేదీన మరణించెను. అప్పటికతనికి నలువదియైదేండ్లు మాత్రమే. ఎగతాళి చేసిన పత్రిక అతని మరణవార్తను రెండు మూడు పంక్తులలో వేసి, వాంతిభేది మాటయే యెత్తలేదు.

అదే మాసమున ఎండలకు థేమ్సు నది కుళ్లి, పార్లమెంటు భవనమున సభ్యులు కూర్చుండలేకపోయిరి. వెంటనే నగరమంతటికి క్రొత్త మురుగుకాలువలు కట్టుటకు ధనము మంజూరయ్యెను. చెడుగాలికి భయపడి కట్టిన ఆ కాలువలే నీటిని శుభ్రపరచి లండనును కాపాడినవి. 1866లో, కాలువలు ఇంకను పూర్తికాని తూర్పు లండనులో వ్యాధి మరల చెలరేగినపుడు, విలియం ఫార్ తానే లెక్కలు తీసి, ఒక నీటి కంపెనీయే దానికి మూలమని చూపెను. నాటికి అతడు స్నో పక్షమునకు మారియుండెను. ఇటలీలో పచీని అను పండితుడు 1854లోనే సూక్ష్మదర్శినిలో ఈ వ్యాధి క్రిమిని చూచెను గాని ఆ సంగతి ఎవరికిని పట్టలేదు. జర్మనీ శాస్త్రజ్ఞుడు రాబర్టు కాక్ 1883లో ఈజిప్టునందును, 1884లో మన కలకత్తాయందును పరిశోధించి ఆ క్రిమిని వేరుచేసి లోకమునకు చూపునప్పటికి స్నో మరణించి పాతికసంవత్సరములు దాటెను.

బ్రాడ్ వీధిని నేడు బ్రాడ్‌విక్ వీధి యందురు. అచ్చట పిడి లేని పంపు నొకదానిని స్మారకముగా నిలిపిరి. ఏటేట ఆయన పేర నొక ఉపన్యాససభ జరుగును. అందు ఒక పంపు పిడిని లాంఛనముగా ఊడదీసి మరల బిగింతురు. ఆ వీధి మూలనున్న మద్యశాలకు, చిత్రమేమనగా, మద్యమును విసర్జించిన జాన్ స్నో పేరే పెట్టియున్నారు.